ల్యాబమ్మగారి వాననీళ్ళు

మా కాలేజీలో నానో టెక్నాలజీ మీద అంతర్జాతీయ సదస్సు జరిగిందంటే అమలాపురంలో ఇప్పటికీ కొందరు నమ్మరు. జరిగింది. రెండు రోజులు జరిగింది. ఫోటోలున్నాయి, అచ్చయిన పుస్తకం ఉంది, ఆ పుస్తకంలో నా పేరూ ఉంది. నా బాధంతా ఆ పుస్తకంతోనే.

నేను అక్కడ కెమిస్ట్రీ చెబుతాను. కోపిష్టి మాస్టారని పేరు. రీడింగు చూడకుండా రికార్డులో అంకె వేసేసిన కుర్రాడి పేజీ అక్కడికక్కడే చింపేస్తాను. మా తాతగారు వేదం చెప్పిన మనిషి. ఒక్క స్వరం జారినా శిష్యుడి చేత మొదటి నుంచీ మళ్ళీ చెప్పించేవారట. ఆ పట్టింపు నాకు వచ్చిందని మా ఇంట్లో అనుకునేవారు. నేనూ కాదనలేదు.

మా ల్యాబులో అటెండరు ఒకావిడ. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పిల్లలు ల్యాబమ్మగారు అని పిలుస్తారు, మాకూ అదే అలవాటైపోయింది. రాజోలు అవతల, సముద్రం వైపు పల్లె ఆవిడది. వాళ్ళ పెద్దలు పొలం పనులు చేసుకు బతికారు. మిషను బడి పుణ్యమా అని తర్వాతివాళ్ళు చదువుకున్నారు. చెల్లెలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది, తమ్ముడు బ్యాంకులో ఆఫీసరు. ఈవిడ పెద్దది కావడాన ఏడో తరగతిలో బడి మానేసి తల్లితో పాటు ఊడ్పులకు వెళ్ళింది. వాళ్ళిళ్ళలో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడు కొత్తవాళ్ళకు అందర్నీ పరిచయం చేస్తారట. చెల్లెలు ఏ బడిలో చేసిందో, తమ్ముడు ఏ బ్రాంచిలో ఉన్నాడో అన్నీ చెప్పి, ఈవిడ దగ్గరికి వచ్చేసరికి "మా పెద్దక్క కాలేజీలో చేస్తుంది" అని ఆపేస్తారట.

"ఏం చేస్తానో చెప్పరండి. ఆళ్ళని అనకూడదు లెండి, చెప్పడానికి ఏముంది గనక," అని నాతో ఒకసారి నవ్వుతూనే అంది. టెస్టుట్యూబులు కడుగుతూ అంది కాబట్టి ఆ నవ్వు ఎలాంటిదో నేను చూడలేదు.

సదస్సు మాట మొదట ఎత్తింది ప్రిన్సిపాల్ గారు. కాలేజీకి మంచి గ్రేడు రావాలంటే ఇలాంటివి జరపాలట. "మన డిపార్ట్‌మెంటు నుంచి ఒక్క పేపరైనా లేకపోతే బాగోదు మాస్టారూ," అన్నారు. నానో అంటే కంటికి ఆనని చిన్నతనం. వెంట్రుకను నిలువునా కొన్ని వేల పోగులుగా చీలిస్తే వచ్చే ఒక్క పోగంత. అంత చిన్నదాన్ని చూసే యంత్రం మా దగ్గర లేదు, తయారు చేసే యంత్రమూ లేదు. కాని ఆకుల కషాయంతో వెండి రేణువులు చెయ్యొచ్చు. వెండి ఉప్పు, అంటే సిల్వర్ నైట్రేటు, కరిగించిన నీళ్ళలో కషాయం పోస్తే, ఏ రంగూ లేని నీళ్ళు మెల్లగా తేనె రంగుకు తిరుగుతాయి. ఆ రంగు తిరగడమే రేణువులు పుట్టాయనడానికి గుర్తు. నేను పనసాకు ఎంచుకున్నాను. మా వైపు పనసాకుకు కరువేముంది?

కరువు వచ్చింది నీళ్ళకు. ఈ పనికి ఉప్పన్నది లేని నీళ్ళు కావాలి. ఏమాత్రం ఉప్పున్నా తేనె రంగు రాదు, తెల్లగా విరిగి కుడితిలా అయిపోతుంది. నీటిని మరిగించి ఆవిరిని మళ్ళీ నీరుగా పట్టే బట్టీ మా ల్యాబులో పాడై నాలుగేళ్ళయింది. మెకానిక్కు షాపులో బ్యాటరీ నీళ్ళ డబ్బాలు కొనుక్కొచ్చాం. విరిగింది. ఇంకో షాపువి తెచ్చాం. విరిగింది. మూడు వారాలు రోజూ తెల్లటి నీళ్ళు సింకులో పారబోస్తూ, దొరికిన వాళ్ళ మీదల్లా అరిచాను.

ఒక రోజు ల్యాబమ్మగారు బీకరు కడుగుతూ, "వాననీళ్ళు పెట్టి చూద్దామాండి?" అంది.

"ఇది సైన్సమ్మా, పప్పు వండడం కాదు," అన్నాను.

"ఆయ్. పప్పుకేనండి మా అమ్మ పట్టేది," అంది ఏమీ అనుకోకుండా. "మా ఊళ్ళో నుయ్యి నీళ్ళు ఉప్పండి. కందిపప్పు చచ్చినా ఉడకదు. వాననీళ్ళయితే రెండు పొంగులకే మెత్తబడేదండి."

అది కార్తీక మాసం. తుపాను వానలు పట్టుకుని ఉన్నాయి. మర్నాడు ఆవిడ కాలేజీ మేడమీద నాలుగు కర్రలకు ఉతికిన తెల్ల పంచె కట్టి, మధ్యలో గులకరాయి వేసింది. నీళ్ళన్నీ ఆ రాయి దగ్గరికి జారి కిందికి ధారగా పడతాయి. వాన మొదలైనా బిందె పెట్టదే. మెట్ల దగ్గర నిలబడి చూస్తూ ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు వృథా చేస్తున్నావని అడిగాను.

"ముందొచ్చేవి గాలిని కడిగిన నీళ్ళండి. సముద్రం గాలి కదండీ, ఉప్పుంటది. అరగంట పోనిచ్చి పట్టేదండి మా అమ్మ," అంది.

అరగంట పోయాక స్టీలు బిందె పెట్టింది. నిండాక కిందికి తెచ్చి, నేను చెప్పకుండానే ఒక టెస్టుట్యూబులో ఆ నీళ్ళు తీసుకుని, అందులో వెండి ఉప్పు ద్రావణం రెండు చుక్కలు వేసి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. నేను ఏటేటా పిల్లలకు నేర్పే పరీక్షే అది. ఇరవై రెండేళ్ళుగా వెనకాల నిలబడి చూసి నేర్చుకుంది.

ఆ నీళ్ళతో కషాయం కాచింది, ఆ నీళ్ళతోనే ద్రావణం కలిపింది. మధ్యాహ్నానికి లేత గడ్డి రంగు వచ్చింది, సాయంత్రానికి చక్కటి తేనె రంగు. నెల్లాళ్ళపాటు ఆవిడే చేసింది. ఎంతసేపు కాచాలో, ఎప్పుడు దించాలో, ఆకు ఎంత ముదురు ఉండాలో అన్నీ ఆవిడ చేతి అంచనాలే. నేను పక్కన కూర్చుని అంకెలు రాసుకున్నాను. గ్లౌజులు వేసుకోమంటే "పట్టు దొరకదండి" అనేది. వెండి ఉప్పు చర్మానికి తగిలితే నల్లటి మరక పడి ఓ పట్టాన వదలదు. ఆవిడ పది వేళ్ళ కొసలూ నల్లబడిపోయాయి.

యూనివర్సిటీలో ఒకాయన తన యంత్రంలో చూసి, రేణువులు బాగా వచ్చాయని కబురు పెట్టిన రోజు సంతోషం పట్టలేక, "పేపర్లో మీ పేరు వేయిస్తానమ్మా. అచ్చులో," అన్నాను.

"నా పేరాండీ?" అంది. కడిగిన బీకర్లే మళ్ళీ కడిగింది.

ఆ సోమవారం వస్తూనే, "నిన్న చర్చిలో సాక్ష్యం చెప్పేనండి," అంది. దేవుడు తమకు చేసిన మేలును ఆరాధనలో పదిమంది ముందూ లేచి చెప్పడాన్ని వాళ్ళు సాక్ష్యం అంటారు. జబ్బు నయమైతే చెబుతారు, పిల్లలకు ఉద్యోగం వస్తే చెబుతారు. తన పేరు పుస్తకంలో వచ్చిందని ఈవిడ చెప్పిందట. చెల్లెలు, తమ్ముడు కూడా ఉన్నారట. తమ్ముడు ఆరాధన అయ్యాక వచ్చి చెయ్యి పట్టుకున్నాడట.

"ఇంకా రాలేదు కదమ్మా," అన్నాను.

"వచ్చేసినట్టేనండి. మాస్టారు మాటిచ్చేరు కదా," అంది.

అప్పుడైనా నాకు భయం వెయ్యాల్సింది. వెయ్యలేదు, ముచ్చటేసింది.

పేపరు రాసేటప్పుడు నీళ్ళ దగ్గర ఆగాను. వాననీళ్ళు, పంచె, గులకరాయి అని రాస్తే నవ్విపోతారనిపించింది. అందరూ రాసే మాటే నేనూ రాశాను: డబుల్ డిస్టిల్డ్ వాటర్, అంటే రెండుసార్లు బట్టీలో మరిగించి దించిన నీరు. రికార్డులో దొంగ అంకె వేసిన పిల్లల పేజీలు చింపే చేతితోనే రాశాను. రచయితల పేర్లకు నలుగురికే చోటు. నేను, ప్రిన్సిపాల్ గారు, సదస్సు కన్వీనరు, యంత్రంలో చూసిపెట్టిన యూనివర్సిటీ ఆయన. అటెండరు పేరు అక్కడ వెయ్యడానికి వీల్లేదన్నారు. నేను గట్టిగా అడగలేదు. చివర కృతజ్ఞతలని రెండు లైన్లు రాసి అందులో ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా వేశాను. అదైనా అచ్చే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజు కన్వీనరు ఫోను చేశాడు. ఆరు పేజీలు దాటకూడదట, నాది రెండు లైన్లు దాటిందట, పది నిమిషాల్లో సరిచేసి పంపాలట. ఒక బొమ్మను కాస్త కుదిస్తే సరిపోయేది. పై పేరాల్లో పనికిమాలిన వాక్యాలు బోలెడున్నాయి. కాని ఏడో పేజీలోకి జారి కనిపిస్తున్నవి ఆ రెండు లైన్లే. వాటినే కొట్టేసి పంపాను. అరనిమిషం కూడా పట్టలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ప్రిన్సిపాల్ గారికి ఆ సంగతే తెలియదు. ఈ పాపంలో నాకు వాటాదారులు లేరు.

ఆవిడకు చెప్పాలనుకుంటూనే వారం గడిచిపోయింది. సదస్సు రోజు వచ్చేసింది.

కంటికి ఆనని దాని మీద సభ, గేటు దగ్గర ఫ్లెక్సీ మాత్రం రెండంతస్తులంత. అందులో పెద్దమనుషుల ఫోటోలు పోగా మిగిలిన మూల నానో అన్న మాట ఇరుక్కుని ఉంది. విదేశీ శాస్త్రవేత్తలు నలుగురు అన్నారు. ముగ్గురు తెర మీద కనిపించి, మాట వినబడక చేతులూపి వెళ్ళిపోయారు. మలేషియా నుంచి ఒక పెద్దాయన మాత్రం నిజంగానే వచ్చాడు. ఆయన మెడలో వేసిన దండ ఆయన కంటే బరువున్నట్టుంది.

అటెండర్లందరికీ భోజనాల దగ్గర డ్యూటీ వేశారు. ల్యాబమ్మగారు ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చి, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు చిట్లకుండా పళ్ళేల్లో సర్దుతోంది. నన్ను చూసి, "రేపు మా చెల్లి వస్తానందండి. పుస్తకం రేపేగదండీ ఇచ్చేది?" అంది.

అవునన్నాను. చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. పూతరేకు ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుని వచ్చేశాను.

రెండో రోజు పొద్దున్న ఆ మలేషియా పెద్దాయన నా పేపరు విని, ఎక్కడా లేనంత శ్రద్ధగా, ఈ ప్రయోగం ఒకసారి చూడొచ్చా అని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు ఎంతో సంబరపడి అందర్నీ ల్యాబులోకి తీసుకొచ్చారు. ఆవిడ వాననీళ్ళు పోసి ఉంచే పాత బ్యాటరీ నీళ్ళ డబ్బా బల్ల మీద ఉంది. నేను హడావుడిలో అదే ఎత్తి ద్రావణం కలిపాను. ఇరవై మంది చూస్తుండగా బీకరు తెల్లగా విరిగిపోయింది. ఆ డబ్బా ఎప్పుడో ఖాళీ అయితే, ఆఫీసువాళ్ళు తాగే నీళ్ళ ప్లాంటు నీళ్ళతో నింపి పెట్టారని తర్వాత తెలిసింది. నీళ్ళు నీళ్ళేగా అనుకున్నారట.

ఎవరో వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చారు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వెనక చెల్లెలు, కళ్ళజోడు, చేతిలో హ్యాండుబ్యాగు. ల్యాబమ్మగారు బీకరు కేసి ఒకసారి చూసి, లోపలి గదిలోకి వెళ్ళి, గుడ్డ కట్టి మూతపెట్టిన బిందె తెచ్చింది. కొత్త బీకరు ఆ నీళ్ళతో తొలిచి, ద్రావణం కలిపి, కషాయం వేడి చేసి పోసింది. గంట లోపలే గడ్డి రంగు తిరిగింది. పెద్దాయన బీకరు చూడడం లేదు. ఆవిడ వేళ్ళు చూస్తున్నాడు. తర్వాత నా వేళ్ళు చూశాడు. నావి శుభ్రంగా ఉన్నాయి.

ఆయన ఇంగ్లీషులో, నాతో కాదు, ఆవిడతోనే, ఈ నీళ్ళు ఎక్కడివి అని అడిగాడు. ఆ ప్రశ్న నేను ఆవిడకు తెలుగులో చెప్పాను.

"వాననీళ్ళండి," అంది ఆవిడ ఆయన ముఖంలోకి చూస్తూ. "తుపాన్లో పట్టేనండి. పంచె కట్టి, అరగంట పోనిచ్చి పట్టేను. చుక్కేసి చూసే వాడతానండి."

ఇరవై మందిలో తెలుగువాళ్ళే ఎక్కువ. అయినా నా పేపరు కాపీ ఆయన చేతిలో ఉంది, అందులో రాసిన మాట ఉంది. నేను ఆయన వైపు తిరిగి, "డబుల్ డిస్టిల్డ్ వాటర్," అన్నాను. ఎవరూ కిమ్మనలేదు. అందరికీ పేపర్లున్నాయి, అందరివీ ఏవో లొసుగులుంటాయి.

డిస్టిల్డ్ అన్న మాట ల్యాబు సీసాల మీద ఇరవై రెండేళ్ళుగా చదువుతున్న మనిషి ఆవిడ. నా వైపు చూసింది. కోపంగా కాదు. రీడింగు తప్పు రాసిన పిల్లవాణ్ణి చూసినట్టు కూడా కాదు. నాకు ఏదో ఒంట్లో బాగోలేదేమో అన్నట్టు చూసింది. బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పుస్తకాలు పంచారు. కారిడారులో చెల్లెలు బల్ల మీద కూర్చుని నా పేపరున్న చోటు తీసింది. వేలు పెట్టి మొదటి పేజీలో పేర్లు చదివింది, ఆరో పేజీ చివరిదాకా వెళ్ళింది, మళ్ళీ మొదటికి వచ్చింది. ల్యాబమ్మగారు పక్కనే నిలబడి ఉంది. నేను అటే రావలసి వచ్చింది.

"ఏ పేజీలో ఉందండి మాస్టారూ?" అని అడిగింది.

"చోటు చాలలేదమ్మా. వచ్చేసారి తప్పకుండా..." అన్నాను.

"ఆయ్," అంది. "మీరు భోంచేసేరాండి?" అని అడిగింది. చెల్లెలు పుస్తకం మూసి, తల ఎత్తకుండా హ్యాండుబ్యాగు జిప్పు లాక్కుంది. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు నా మాటల్లో పట్టదు. అయినా ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను, పడుకున్నాను కూడా.

తర్వాతి సంగతి మా ఆఫీసు క్లర్కు చెప్పాడు. అతనిదీ అదే చర్చి. ఆ ఆదివారం ల్యాబమ్మగారు మళ్ళీ లేచి నిలబడిందట. సాక్ష్యాల సమయం కనక ఇంకేదో మేలు జరిగిందనుకున్నారట అంతా. "నేను మొన్న చెప్పిన సాక్ష్యం నిజం కాదండి. పుస్తకంలో నా పేరు లేదు. రాకుండానే వచ్చిందని చెప్పేను. దేవుడూ, సంఘమూ నన్ను క్షమించాలి," అని కూర్చుందట. పాస్టరు గారు వెంటనే పాట ఎత్తుకున్నారట. తమ్ముడు తల దించుకుని ఉన్నాడట.

సోమవారం ల్యాబులో ఆవిడ ఒక్కర్తే ఉన్నప్పుడు వెళ్ళాను. "ఎందుకలా చెప్పారమ్మా? తప్పు నాది. నేను కొట్టేశాను. ఆ మాటే చెప్పాల్సింది," అన్నాను.

"మీ పేరెందుకండి?" అంది బ్రష్షుతో బ్యూరెట్టు తోముతూ. "చెప్పింది నేను కదండీ. చెప్పినవాళ్ళే దిద్దుకోవాలి. అబద్ధం సాక్ష్యం అలా వదిలేస్తే నిద్ర పట్టదండి మాకు."

పుస్తకం వేసినవాళ్ళకు ఉత్తరం రాస్తానన్నాను. నీళ్ళ మాట మార్పిస్తానని, పేరు చేర్పిస్తానని అన్నాను. తప్పు దిద్దుకోవడానికి మా చదువులోనూ ఒక పద్ధతి ఉంది, ఒక చిన్న ఉత్తరం చాలు. "ఆయ్," అంది. ఆ ఉత్తరం ఇంగ్లీషులో మూడుసార్లు మొదలుపెట్టాను. ఉత్తరం వెళ్తే నలుగురి పేర్ల మీదా మచ్చ, కాలేజీకి వచ్చిన గ్రేడు మీద మాట, నా ప్రమోషను కాగితాల్లో ఆ పేపరు. మూడు ముక్కలూ కంప్యూటర్లో అలాగే ఉన్నాయి.

తొలకరి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి పెద్ద వాన మొదలైంది. పిల్లలు ఆ ప్రయోగమే చేస్తామని అడుగుతున్నారు. నీళ్ళు కావాలని లోపలి గదిలోకి వెళ్ళాను. బిందె శుభ్రంగా తోమి, అలమార పైన బోర్లించి ఉంది. పక్కన తెల్ల పంచె నాలుగు మడతలు పెట్టి ఉంది.

"వాన పట్టడం లేదా అమ్మా?" అన్నాను.

"మానేసేనండి," అంది. "పుస్తకంలో ఉన్న నీళ్ళు వేరు కదండీ. రేపెవరైనా వచ్చి అడిగితే మళ్ళీ మీకే మాట వస్తుంది."

అంత మర్యాదగా నన్ను ఎవరూ కొట్టలేదు. ఉత్తరం పంపేశాననైనా అబద్ధం ఆడదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఆవిడ కడిగిన టెస్టుట్యూబులు ఒక్కొక్కటే స్టాండులో బోర్లిస్తోంది. వేళ్ళ కొసల నలుపు పూర్తిగా పోయింది. బయట వాన మొదలై అరగంట దాటింది.